ఏడో నంబరు పుస్తకంలోని మరకలు

ఈమధ్య మా ప్రాంతపు ఉపాధ్యాయుల సమావేశం ఒకదానికి నన్ను పిలిచారు. పాతకాలపువాణ్ని వేదిక మీద కూర్చోబెట్టడం ఒక మర్యాద. సభ చివర ఒక యువ ఉపాధ్యాయుడు లేచి, "అయ్యా, పిల్లలు ఇంటిదగ్గర పుస్తకం పట్టుకునేలా చేయడం ఎలాగో మీ అనుభవంలోంచి చెప్పండి" అని అడిగాడు. నేను కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాను. పెద్దాయన మరిచిపోయారనుకొని అధ్యక్షులవారు మరొక ప్రశ్నకు వెళ్లిపోయారు.

నేను మరవలేదు. పిల్లలచేత ఇంటిదగ్గర చదివించే మార్గం నాకు తెలియదు. చదవకుండా చేసే మార్గం మాత్రం తెలుసు. వరుసక్రమంలో, అంకెలతో సహా చెప్పగలను. ఎందుకంటే ఆ పని నేను రెండు నెలలపాటు శ్రద్ధగా చేశాను. దానికి మెప్పు కూడా పొందాను. ఆ సభలో ఇవ్వలేకపోయిన జవాబును ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. ఆ యువకుడు చదివితే సంతోషం.

ఇది ముప్పైల నాటి మాట. నేను మొదట ఉపాధ్యాయుణ్ని కాను. కాలువల శాఖలో సర్వే పని నేర్చుకున్నవాణ్ని. గొలుసు పట్టడం, లెవెల్ యంత్రంలోంచి కొలతబద్ద మీది అంకె చదివి పుస్తకంలో ఎక్కించడం, ఆ అంకెలనుబట్టి నీరు ఎటు పారుతుందో చెప్పడం నా విద్య. ఒక్క అంకె తప్పు రాస్తే చేనికి వెళ్లవలసిన నీరు ఊళ్లోకి వస్తుందని మా పై అధికారి రోజూ హెచ్చరించేవాడు. ఆర్థికమాంద్యం వచ్చి శాఖలో మనుషులను తగ్గించినప్పుడు, చివర చేరినవాళ్లం కాబట్టి మేం మొదట పోయాం. ఏలూరులో ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి బడిపంతులునయ్యాను. కాలువల శాఖనుంచి నాతో తెచ్చుకున్నవి రెండు: ఒక ఇత్తడి కొలబద్ద, రాసిన అంకె మీద అపారమైన నమ్మకం.

రెండేళ్లు తిరక్కుండానే నన్ను కొల్లేటి మధ్య ఒక లంక గ్రామంలో జిల్లా బోర్డు వారి బడికి ప్రధానోపాధ్యాయుడిగా వేశారు. ఏలూరునుంచి కొంతదూరం కాలువ పడవలో, ఆపైన తాటిదోనెలో వెళ్లాలి. ఊరంతా ఒక మట్టి దిబ్బ. దిబ్బ మీద ఇళ్లు, ఇళ్ల మధ్య వలలు ఆరవేసే గుంజలు, గుంజల మధ్య మా బడి. ఆ బడి పాకను ఊరివాళ్లే వేశారు. ప్రతి వానాకాలం తరవాత తలా ఒక మోపు తుంగ తెచ్చి కప్పు మార్చేవాళ్లు. చేపలు పట్టుకు బతికే కుటుంబాలు; తమకు చదువు లేకపోయినా బడిని ఊరి ఆస్తిగా చూసుకొనేవాళ్లు. ఇంత సహకరించే ఊరు నా ఉద్యోగ జీవితంలో మళ్లీ నాకు తటస్థపడలేదు. ఆ సహకారమే మా కొంప ముంచింది.

నాకు ఒక సహోపాధ్యాయుడు ఉండేవాడు. పెదపాడు దగ్గర క్రైస్తవ కుటుంబంలో పుట్టి, మిషను బడిలో చదువుకొని, నాకంటే పదిహేనేళ్లు ముందుగా ఉద్యోగంలో చేరినవాడు. కింది తరగతి సర్టిఫికెట్టు కావడంవల్ల నా చేతికింద పనిచేయవలసి వచ్చింది. ఆ కష్టం ఎన్నడూ నోట పలికేవాడు కాదు. ఏం చెప్పినా నవ్వుతూ, "అండి" చేర్చి చెప్పేవాడు; అందువల్ల ఆయన చెప్పినదాంట్లో అభ్యంతరం ఉందన్న సంగతి నాకు సాధారణంగా ఆలస్యంగా తెలిసేది.

ఆ ఏడు పుష్యమాసంలో బోర్డునుంచి ఇరవై నాలుగు కొత్త వాచకాలు వచ్చాయి. రివాజు ప్రకారం వాటిని పెట్టెలో పెట్టి తాళం వేయాలి. పాఠం వేళ తీసి, గంట కొట్టగానే మళ్లీ పెట్టాలి. నేను ఒక పథకం వేశాను. పిల్లలకు తలా ఒక పుస్తకం ఇచ్చి ఇంటికి పంపుదాం. ఇంటిదగ్గర పెద్దలకు చదివి వినిపించాలి. శనివారం తెచ్చి చూపించి మళ్లీ తీసుకువెళ్లాలి. ఆలోచన మంచిదే. ఈనాటికీ మంచిదేనంటాను. చెడ్డది నాలుగో నిబంధన.

ఆ ఊళ్లో పుస్తకానికి శత్రువులు చాలా. నీరు, చేపల జిగురు, కిరసనాయిలు మసి, వలలకు పట్టించే తుమ్మచెక్క కషాయం. నూలు వల నీళ్లలో త్వరగా చివికిపోకుండా తుమ్మచెక్కను కాచి ఆ ఎర్రటి రసంలో ముంచుతారు. వల బాగుచేసేవాళ్ల వేళ్లు ఏడాది పొడుగునా గోధుమ రంగులోనే ఉంటాయి. ఎంత కడిగినా పోదు. ఇవన్నీ ఆలోచించి నాలుగో నిబంధన రాశాను: "వరుసగా మూడు శనివారములు కొత్త మరకలు కనబడినచో ఆ పుస్తకము ఉపసంహరింపబడును." ఇరవై నాలుగు పుస్తకాలకూ నంబర్లు వేశాను. రిజిస్టరులో పుట, మరక ఉన్న చోటు, అంగుళంలో ఎనిమిదో వంతు వరకు దాని కొలత రాయడానికి గళ్లు గీశాను. అది చూసి సహోపాధ్యాయుడు అన్నాడు:

"బాగుందండి. చదివిన పాఠం రాయడానికి గడి ఏదండీ?"

"అది ఎలా కొలుస్తామండి? మరక అయితే కంటికి కనిపిస్తుంది."

"అదీ నిజమేనండి" అన్నాడాయన.

ఊరివాళ్లను బడి ముందు సమావేశపరిచి నిబంధనలు చదివి వినిపించాను. ఊరిపెద్ద ముందు వరసలో గొంతుకూర్చున్నాడు. ఆయన మాట ఆ దిబ్బ మీద ఎలాంటిదో చెప్పాలి. చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో ఫలానా మడుగులో వల వేయకూడదని ఆయన ఒక్కసారి అంటే, ఆకలితో ఉన్నవాడు కూడా ఆ వైపు దోనె తిప్పేవాడు కాదు. అది ఊరి కట్టుబాటు. కాపలా అక్కరలేదు.

అంతా విని ఆయన ఒకే ప్రశ్న అడిగాడు. "పుస్తకం పాడైతే ఏం చేస్తారండి మేష్టారూ?"

"మళ్లీ ఇవ్వం."

"ఆ ఇంటికి ఇవ్వరా, మా ఊరికే ఇవ్వరాండి?"

జవాబు రెండు మాటల్లో అయిపోయేది. ఆ ఇంటికే అని చెబితే సరిపోయేది. కాని నాకు కట్టుదిట్టం ఎక్కువ. "పుస్తకాలు పాడైతే బోర్డువారు ఈ బడికి మళ్లీ పుస్తకాలు పంపకపోవచ్చు" అన్నాను. అది అబద్ధం కాదు. అవసరం మాత్రం లేదు.

ఊరిపెద్ద వెనక్కి తిరిగాడు. "విన్నారు కదా. మన ఊరి పరువు. ఒక్క మరక పడకూడదు."

"ఆయ్, పడదండి" అన్నారందరూ.

గుంపు చివరనుంచి ఒక ముసలమ్మ గొంతు వినిపించింది. "పడకుండా ఎలాగరా? తెరవకుండా చదవడానికి అదేమన్నా పంచాంగమా, ఎవరో వచ్చి చెప్పడానికి?" అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ సభలో నా పథకాన్ని అర్థం చేసుకున్నది ఆమె ఒక్కతే.

ఆమె మనవరాలు మా నాలుగో తరగతిలో చదువుతూండేది. పదకొండేళ్లుంటాయి. తల్లి లేదు. తండ్రి, నాయనమ్మ, ఈ పిల్ల. తండ్రి వేటకు వెళితే ఇంటిదగ్గర వలల పని అంతా ఆడవాళ్ల మీదే. ఆ పిల్ల బడికి రావడం అప్పటికే కష్టం మీద నడుస్తోంది. పుస్తకాలు పంచిన మర్నాడు ముసలమ్మ స్వయంగా బడికి వచ్చి, గుమ్మం బయటే నిలబడి, తమ ఇంటి ఒప్పందం నాకు వివరించింది.

"ఏవండీ మేష్టారూ. మావాడు దీన్ని బడి మాన్పించేస్తానంటున్నాడండి, వలలకి చెయ్యి తక్కువైందని. నేనేం చెప్పానంటే, దీని వంతు పని కూడా నేనే చేస్తాను, పొద్దు వాలేటప్పుడు అది నా పక్కన కూర్చుని ఆ పుస్తకం చదవాలి అన్నాను. నాకు కళ్లు కనపడకపోయినా చేతులు కనపడతాయండి. వలకి చేతులే చాలు. వాడు సరేనన్నాడు. పుస్తకం ఇంటికొచ్చినన్నాళ్లూ పిల్ల బడికొస్తుందండి. అది రాని రోజున, మరి, నా చేతుల్లో ఏం లేదు."

"మంచిది మామ్మగారూ. పుస్తకం మాత్రం జాగ్రత్త" అన్నాను.

ఆ పిల్లకు ఇచ్చిన పుస్తకం నంబరు ఏడు.

మొదటి శనివారం పుస్తకాలు బల్ల మీద వరుసగా పెట్టించి, కొలబద్ద తీసుకొని కూర్చున్నాను. ఇరవై మూడు పుస్తకాలు వెళ్లినవి వెళ్లినట్టే వచ్చాయి. ఒక్క చుక్క లేదు. మూల మడత లేదు. అట్ట మీద ధూళి కూడా లేదు. నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఏడో నంబరులో మాత్రం గోధుమరంగు మరకలు. రిజిస్టరులో ఎక్కించాను: పుటలు 3, 5, 7, 9, కుడివైపు అడుగు మూల, ఒక్కొక్కటి అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు, కోలగా. ఆ పిల్లను లేపి, పదిమంది ముందు చేతులు చాపమన్నాను. వేళ్ల చివరలు గోధుమరంగులో ఉన్నాయి.

"చేతులు కడుక్కుని ముట్టుకోమన్నానా లేదా?"

"కడుక్కున్నానండి. ఇది పోదండి."

"మిగతావాళ్ల పుస్తకాలు చూడు. వాళ్లూ మీ ఊరివాళ్లే కదా?"

ఆమె మిగతా పుస్తకాలకేసి చూసింది. ఆ చూపులో సిగ్గు కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. నేను దాన్ని పొగరు అనుకొన్నాను.

రెండో శనివారం కూడా అంతే. ఏడో నంబరు: పుటలు 11, 13, 15, 17, అదే మూల, అదే కొలత. సాయంత్రం పెట్టెకు తాళం వేస్తూ సహోపాధ్యాయుడు నవ్వాడు.

"మన పుస్తకాలు చుట్టపుచూపుగా వెళ్లి వస్తున్నాయండి. పాపం, ఎవరూ వాటిని ఇంట్లో మనిషిలా చూడట్లేదు. ఆ ఏడో నంబరు ఒక్కటే ఏదో కాస్త పని చేసుకు బతుకుతోంది."

"మీరేం చెప్పదలిచారు?"

"ఏమీ లేదండి. పసివాళ్లున్న ఇల్లు మరీ అంత శుభ్రంగా ఉంటే, వాళ్లకి ఒంట్లో బాగా లేదేమోనని మా అమ్మ అడిగేదండి."

ఇది ఒక అభిప్రాయమని గుర్తించాను. దినచర్య పుస్తకంలో ఆ తేదీ కింద, "సహోపాధ్యాయుడు పుస్తకముల అతిశుభ్రతను గూర్చి సందేహము వెలిబుచ్చెను" అని రాసి, కింద చేవ్రాలు పెట్టాను. రాయడంతో ఆ విషయానికి చేయవలసినది చేసినట్టే నాకు తోచింది.

మూడో శనివారం 19నుంచి 31 వరకు మరకలు పడ్డాయి. నిబంధన వర్తించింది. పుస్తకం తీసి నా బల్ల సొరుగులో పెట్టాను. ఆ పిల్ల కదలకుండా నిలబడింది.

"మేష్టారండీ, ఆ పాఠం అయ్యేదాకా ఉంచుకోనాండి? దూడ ఇంకా దొరకలేదండి. మామ్మ అడుగుతుందండి."

అది వాచకంలో ఒక కథ. వరదలో తప్పిపోయిన దూడను వెతుకుతూ ఒక పడవవాడు బయలుదేరుతాడు. 31వ పుట చివర, తుంగలోంచి ఏదో చప్పుడు వినిపించి అతడు పడవ ఆపుతాడు. మిగతా కథ పుట తిప్పితే ఉంది.

"నీ ఒక్కదానికోసం నిబంధన మార్చలేనమ్మా. బడి పుస్తకంలోనే చదువుకో."

అప్పటికి బడిలో మేం అయిదో పాఠం దగ్గర ఉన్నాం. అది పదకొండో పాఠం. అక్కడికి మేం చేరేసరికి ఇంకా నెల్లాళ్లు పడుతుంది. ఆ లెక్క కూడా నాకు కచ్చితంగా తెలుసు.

సోమవారం ఆ పిల్ల రాలేదు. మంగళవారం రాలేదు. మూడో రోజున సహోపాధ్యాయుడు ఆ ఇంటికి వెళ్లి వచ్చాడు. మొదటిసారి ఆయన నవ్వకుండా మాట్లాడాడు.

"పిల్లని వల పనికి పెట్టేశారండి. ముసలావిడ చెప్పింది చెప్పినట్టే జరిగింది. పైగా ఊళ్లో వాళ్ల మీద మాట పడిందండి. ఊరంతా కట్టుబాటుకి నిలబడితే మీ ఇల్లొక్కటే తప్పిందని పెద్దాయన వాకిట్లో నిలబెట్టి అడిగాడట. ఆ తండ్రి తలెత్తుకోలేకపోతున్నాడండి. మీరు ఒక్కసారి ఆ పుస్తకం పట్టుకెళ్లి ఇవ్వండి. అయిపోతుంది."

"ఈ రోజు ఒకళ్లకు ఇస్తే రేపు ఇరవై మూడు పుస్తకాలకూ మరకలు పడతాయండి."

"పడనివ్వండి" అన్నాడాయన.

ఆ మాట నేను దినచర్య పుస్తకంలో రాయలేదు. నాలుగు రోజులు ఆగుదాం, వాళ్లే దిగివస్తారనుకొన్నాను. నాలుగు రోజులు అయిదు వారాలయ్యాయి. హాజరుపట్టీలో ఆమె పేరుకెదురుగా రోజూ గైర్హాజరు గుర్తు వేస్తూ వచ్చాను. నెల దాటితే పేరు కొట్టివేయాలి. సహోపాధ్యాయుడు వద్దన్నందువల్ల కొట్టివేయలేదు. ఆ మేరకు నియమం సడలించానని నాలో నేను గర్వించాను కూడా.

ఫాల్గుణంలో ఏలూరునుంచి తనిఖీ అధికారి వచ్చాడు. మంచివాడు, చదువుకున్నవాడు, తాటిదోనె అంటే భయపడేవాడు. మధ్యాహ్నం గాలి లేవకముందే తిరుగు ప్రయాణం కావాలని దిగుతూనే చెప్పాడు. ఊరు ఊరంతా బడి చుట్టూ నిలబడింది. ఊరిపెద్ద కొత్త తువ్వాలు కప్పుకు వచ్చాడు.

అధికారి రిజిస్టరు తిరగేశాడు. పుస్తకాలు ఒక్కొక్కటే ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. "రెండు నెలలు కొల్లేటి ఇళ్లలో తిరిగిన పుస్తకాలా ఇవి?" అన్నాడు. ఊరిపెద్ద ముఖం వెలిగింది. నా ముఖం కూడా వెలిగే ఉంటుంది.

తరవాత ఆయన ముందు వరసలో ఒక పిల్లవాణ్ని లేపి, పుస్తకంలో చివరి పాఠం చదవమన్నాడు. వాడు పుట విప్పి నిలబడిపోయాడు. రెండో వాడూ అంతే. మూడో పిల్ల బడిలో చెప్పిన పదకొండో పాఠం వరకు గడగడ చదివి, చెప్పని పన్నెండో పాఠం మొదటి పంక్తిలో ఆగింది.

"ఇంటి దగ్గర ఏం చదివావురా నువ్వు?" అని మొదటివాణ్ని అడిగాడు.

"చదవలేదండి. ఉట్టి మీద పెట్టామండి."

"ఉట్టి మీదా?"

"కుండలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, ఉట్టి మీద పెట్టామండి. శనివారం పొద్దున్న మా నాన్న స్నానం చేసి దింపుతాడండి." వాడి గొంతులో భయం లేదు. అప్పజెప్పిన పని సరిగా చేశానన్న ధీమా ఉంది.

"మరి చదువుకోవాలని అనిపించలేదా?"

"అనిపించిందండి. ముట్టుకుంటే మా అమ్మ చేతి మీద కొట్టిందండి."

"మా ఇంట్లో కూడా ఉట్టేనండి!" అని వెనకనుంచి ఇంకొకడు. "మాదీ, మాదీ" అని పిల్లలంతా పోటీ పడ్డారు. బయట నిలబడ్డ తల్లులు ఔనన్నట్టు తలలూపారు. ఊరిపెద్ద చేతులు కట్టుకొని ముందుకు వచ్చాడు.

"మేష్టారు చెప్పిన మాట ఒక్క ఇల్లు తప్ప ఊరంతా నిలబెట్టుకున్నామండి. మాట తప్పిన ఇంటిని మేమే దండించామండి."

అధికారి పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన రిజిస్టరులో ఏడో నంబరు దగ్గర వేలు పెట్టి, "ఆ ఇల్లు ఇదేనా? పిల్ల ఏదీ?" అన్నాడు.

"అయిదు వారాలుగా రావడం లేదండి" అన్నాను.

"పేరు ఇంకా ఉంచారే? కొట్టివేయండి. లేకపోతే హాజరు శాతం పడిపోతుంది."

ఆ క్షణంలో నేను మాట్లాడి ఉండవచ్చు. 'అయ్యా, ఈ ఊళ్లో ఇంటిదగ్గర చదివినది ఆ పిల్ల ఒక్కతే; దాన్ని నేను శిక్షించాను' అని రెండు వాక్యాలు. అవి నాకు అప్పటికే నాలుక చివర ఉన్నాయి. మా సహోపాధ్యాయుడు నాకేసి చూస్తున్నాడు. నేను "చిత్తం" అన్నాను.

అధికారి గాలికి భయపడుతూనే తనిఖీ పుస్తకంలో రాశాడు: ఇంటి పఠన పథకము ప్రశంసనీయము, పుస్తకముల సంరక్షణ ఆదర్శప్రాయము, పఠనము క్రమముగా మెరుగుపడగలదు. దోనె ఎక్కుతూ నా భుజం తట్టాడు. "చదవడం సంగతి మెల్లగా చూసుకోవచ్చులెండి. ముందు వస్తువు నిలిచింది. అది ముఖ్యం."

ఆయన వెళ్లాక సొరుగులోంచి ఏడో నంబరు తీసి, రిజిస్టరు పక్కన పెట్టుకొని కూర్చున్నాను. నేనే రాసిన అంకెలు. మొదటి వారం 3నుంచి 9. రెండో వారం 11నుంచి 17. మూడో వారం 19నుంచి 31. అన్నీ బేసి సంఖ్యలు. అన్నీ కుడివైపు అడుగు మూల, పుస్తకం పట్టుకొని చదివేటప్పుడు బొటనవేలు ఆనే చోట. వారానికి ఎంత దూరం చదివిందో, ఏ వారం వేగం పెరిగిందో, ఎక్కడ ఆగిందో, అంతా ఎనిమిదో వంతు అంగుళం తేడా లేకుండా నా దస్తూరీలో ఉంది. దూడ కథ మొదలైన పుటలో ఒకదాని మీద ఒకటి మూడు మరకలు. అంటే ఆ పుట మూడుసార్లు చదివించుకున్నారు. లెవెల్ పుస్తకంలో ఇలాంటి వరస కనిపిస్తే నీరు ఎటు పారుతోందో ఒక్క చూపులో చెప్పేవాణ్ని. ఇది చదువు పారిన జాడ. దాన్ని పట్టుకొని నేను మురికి అన్నాను.

సహోపాధ్యాయుడు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"మీరు ముందే నాకు గట్టిగా చెప్పవలసింది" అన్నాను.

"చెప్పానండి. మీరు రాసుకున్నారండి."

ఇంతకంటే కఠినమైన మాట నా ఉద్యోగ జీవితంలో ఎవరూ అనలేదు. ఆయన "అండి" రెండుసార్లు చేర్చే అన్నాడు.

తరవాతి సంగతులు ముందుగా చెప్పేస్తాను. ఆ తనిఖీ ఫలితంగా నన్ను తాడేపల్లిగూడెంలో పెద్ద బడికి ప్రధానోపాధ్యాయుడిగా బదిలీ చేశారు. నా పథకాన్ని మరికొన్ని బడులకు పంపించారు. నాలుగో నిబంధనతో సహా, నా మాటల్లోనే. ఆ నిబంధన తీసివేయమని బోర్డు కచేరీకి రెండుసార్లు రాశాను. "జయప్రదమైన నిబంధనను మార్చుటకు కారణము కానరాదు" అని జవాబు వచ్చింది. కారణం ఏమిటో నేను ఆ ఉత్తరాల్లో రాయలేదు. రాస్తే బదిలీ ఎందుకు వచ్చిందో కూడా రాయవలసి వస్తుంది. ఎన్ని ఊళ్లలో ఎన్ని ఉట్ల మీద వాచకాలు ఊగాయో నాకు తెలియదు. మా సహోపాధ్యాయుడు ఆ లంకలోనే పదవీ విరమణ వరకు ఉన్నాడని విన్నాను. నేను ఉత్తరం రాయలేదు. ఆయనా రాయలేదు.

ఇక ఆ ఇంటి సంగతి. తనిఖీ శుక్రవారం జరిగింది. ఆదివారం నేను భీమడోలులో మా ఇంటికి పోవడం మానుకొని, ఏడో నంబరు తీసుకొని దిబ్బ చివరికి నడిచాను. రెండు గుంజల మధ్య వల కట్టి ఉంది. ఒకవైపు నాయనమ్మ, ఒకవైపు మనవరాలు, తెగిన వలకళ్లు అల్లుతున్నారు. ముసలమ్మకు నా అడుగుల చప్పుడు తెలిసినట్టుంది.

"ఎవరూ, మేష్టారేనాండీ? ఇంకా ఏవన్నా కొలవాలాండీ?"

"లేదు మామ్మగారూ. పుస్తకం తెచ్చాను. తప్పు నాది. మరకలు పడినా ఇక ఏమీ అనను. అమ్మాయిని బడికి పంపండి."

"నా చేతుల్లో లేదని ఆవేళే మనవి చేశాను కదండీ. వచ్చే వేటకి వాళ్ల నాన్న ఇంకో దోనెలో వాటా కలిశాడండి. ఇప్పుడు వలలు రెండింతలు. దాని చెయ్యి లేకపోతే నడవదండి." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. "అయిదు వారాల క్రితం వచ్చి ఉంటే, మరి, వాడితో పోట్లాడేదాన్నండి."

నేను పిల్లవైపు తిరిగి పుస్తకం చాపాను. "నీ దగ్గరే ఉంచుకోమ్మా. తీరికప్పుడు చదువుకో."

ఆమె చేతులు రెండూ వెనక్కి పెట్టుకొంది. "వద్దండి. నా చేతులు బాగోలేవండి."

నేను చాపిన చెయ్యి అలాగే ఉంది. ముసలమ్మ మాట మార్చడానికో, నిజంగానే కావాలనో, అడిగింది.

"పోనీ ఆ దూడ సంగతి మీరే చెప్పండి. దొరికిందాండీ?"

పుట తిప్పి చదివాను. 32వ పుటలో నాలుగే నాలుగు పంక్తులున్నాయి. తుంగలో దూడ కనబడింది. పడవవాడు దానిని ఇంటికి తెచ్చెను. తల్లి ఆవు సంతోషించెను. కావున పిల్లలు ఇల్లు విడిచి దూరముగా పోరాదు.

ముసలమ్మ చేతులు వల మీద ఆగిపోయాయి.

"అంతేనాండీ?" అంది ముసలమ్మ.

"పుస్తకంలో అంతే ఉందండి."

"ఈ రాసినాయన ఎప్పుడూ దోనె ఎక్కి ఉండడండి. అంత వరదలో, ఒక్క గెడకర్రతో, దూడనెక్కించుకుని తిన్నగా ఇంటికి ఎలా వస్తాడండి?" ఆమె మనవరాలివైపు ముఖం తిప్పింది. "మనం అనుకున్నదే బాగుంది కదే?"

"బాగుంది మామ్మా" అంది పిల్ల. నేను వచ్చాక మొదటిసారి ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకోసం కాదు.

పుస్తకం లేని అయిదు వారాల్లో, వల అల్లుతూ, వాళ్లిద్దరూ ఆ కథను పూర్తిచేసుకున్నారు. ఎలా పూర్తిచేశారో తెలుసుకోవాలని నాకు ఎంతో కోరిక కలిగింది. ఉపాధ్యాయుడికి కలిగే కోరిక కాదు అది. కథ మధ్యలో ఆగిపోయినవాడికి కలిగే కోరిక.

"మీరు ఏమనుకున్నారు మామ్మగారూ? దూడ ఏమైంది?"

"అది మా ఇంట్లోదండి" అంది ముసలమ్మ, మర్యాదగానే. "బయటికివ్వమండి." ఆమె చేతులు మళ్లీ వల మీదికి పోయాయి.

సోమవారం ఉదయం మొదటి గంటకు ముందే హాజరుపట్టీ తీసి, రూళ్లకర్ర పెట్టి, ఎర్రసిరాతో ఆమె పేరు కొట్టివేశాను. గీత తిన్నగా వచ్చింది.